ఎండిన సంజీవని ముద్దను బతికించుకోవడం ఎలా: తడపడం నుంచి మళ్లీ ఆరబెట్టే దాకా

“నీళ్లలో పెట్టాను, తెల్లారేసరికి విచ్చుకుంది. ఇంటిల్లిపాదీ ఫొటోలు తీసుకున్నాం. రెండు వారాలు తిరక్కుండానే నల్లబడి కంపు కొట్టింది. ఏం తప్పు చేశాను?”

సంజీవని మొక్క గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. మొదట్లో నాదీ ఇదే. జాతరలో కొన్న ఎండు ముద్దను గాజు గిన్నెలో వేసి, నిండా నీళ్లు పోసి, టీవీ పక్కన పెట్టాను. పన్నెండో రోజు ఎత్తి చూస్తే నానిన కాగితంలా చేతిలోకి ఊడొచ్చింది.

నీళ్లు నేను సరిగ్గానే పోశాను. తీయడమే మరిచాను. ఈ మొక్కల విద్యంతా ఎండడంలో ఉంది. తడి తగిలాక తేరుకుంటుందా లేదా అన్నది, అంతకుముందు అది ఎలా ఎండిందన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ నీళ్లు పోయడం కన్నా ఆరబెట్టడం గురించే ఎక్కువ చెబుతాను.

## 1. ముందు మీ చేతిలో ఉన్నదేమిటో తేల్చుకోండి

సంజీవని, జెరికో గులాబీ, మర్యమ్ పువ్వు అంటూ బజార్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మేవి ఒకే మొక్క కాదు. ముఖ్యంగా మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎప్పుడో చచ్చిపోయింది.

మన సంజీవని. సెలాజినెల్లా బ్రయోప్టెరిస్. తూర్పు కనుమలతో సహా మన దేశంలో చాలాచోట్ల రాతి గుట్టల మీద పెరుగుతుంది. గుళ్ల దగ్గర, జాతరల్లో కట్టలుగా అమ్ముతారు. ఎండినప్పుడు ఒక్కో రెమ్మ లోపలికి ముడుచుకుని పక్షి గోళ్లలా ఉంటుంది. రెమ్మ కింద కాస్త పొడవైన కాడ, దాని కింద వేళ్లూ మట్టీ కలిసిన చిక్కు కనిపిస్తాయి.

మెక్సికో ముద్ద. సెలాజినెల్లా లెపిడోఫిల్లా. మెక్సికో ఉత్తర భాగం, అమెరికాలోని టెక్సస్, న్యూమెక్సికో కలిసే చీవావా ఎడారి దీని ఇల్లు. టెన్నిస్ బంతి కన్నా కాస్త అటూ ఇటూగా గుండ్రంగా, గోధుమరంగులో ఉంటుంది. కాడ ఉండదు, రెమ్మలన్నీ ఒక్క మొదలు నుంచే చుట్టుకుని ఉంటాయి. ఆన్‌లైన్‌లో ‘జెరికో గులాబీ’ పేరుతో వచ్చేది చాలాసార్లు ఇదే.

మర్యమ్ పువ్వు. అసలు జెరికో గులాబీ ఇదే. పేరు అనస్టాటికా, ఆవాల కుటుంబం. హజ్‌కి వెళ్లొచ్చినవాళ్లు తెస్తుంటారు. ఆకు ఒక్కటీ ఉండదు, గట్టి పుల్లలే. పుల్లల మీద చెవుల్లాంటి రెండు రెక్కలున్న చిన్న కాయలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ఈ మూడోది ఏడాది మొక్క. విత్తనం పట్టాక చనిపోతుంది. నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది కానీ బతకదు. వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుపోతుంది చూడండి, అలాంటిదే ఇది. చచ్చిన చెక్కకు నీళ్లు పీల్చి ఉబ్బే గుణం పోదు. పుల్లకు ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ ఉబ్బితే అది వంపు తిరుగుతుంది. కాయల్లోని విత్తనాలు మాత్రం తడికి మొలవొచ్చు.

మీ దగ్గరున్నది మర్యమ్ పువ్వైతే ఈ వ్యాసంలో ఐదో మెట్టు వరకు చాలు. మిగతాది సెలాజినెల్లా ఉన్నవాళ్లకి.

కొనే ముందు చూడాల్సినవి:

- రెమ్మ కొనను మెల్లగా విప్పితే లోపలి వైపు బూడిద కలిసిన పచ్చరంగు కనిపించాలి. లోపలా బయటా ఒకటే ఎండుగడ్డి రంగైతే వద్దు.
- ముక్కు దగ్గర పెడితే ఎండుటాకు వాసన రావాలి. ముక్కిన వాసన వస్తే లోపల బూజు ఉన్నట్టు.
- మరీ మెరిసే ఆకుపచ్చగా ఉంటే రంగు వేశారేమో చూడండి. తడి దూదితో రుద్దితే తెలిసిపోతుంది.
- ప్లాస్టిక్ కవర్లో చెమట పట్టి ఉన్నది తీసుకోవద్దు.

ఇంకో మాట. నల్లమలలోనో మరో అడవిలోనో రాయి మీద కనిపించిందని పీక్కురావద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా మొక్క తీయడం నేరం. నేరం సంగతి అలా ఉంచినా, రాతిని పట్టుకుని ఏళ్లుగా అల్లుకున్న వేరును చేత్తో లాగితే సగం తెగిపోతుంది. నర్సరీలో పెంచినది దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలు.

## 2. లోపల ఏం జరుగుతోంది: ఇది చదవకుండా ముందుకెళ్లొద్దు

కింద చెప్పే ప్రతి మెట్టుకూ కారణం ఇక్కడే ఉంది.

గోంగూర కట్టను ఎండలో మరిచిపోతే సాయంత్రానికి వాడుతుంది, మర్నాటికి వడియమవుతుంది. మళ్లీ నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది కానీ బతకదు. ఎందుకంటే కణంలో నీళ్లు పోతుంటే దాని పలచని పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, ప్రొటీన్లు ముద్దకడతాయి. నీళ్లు తక్కువైనా ఆకుపచ్చని పదార్థం వెలుగును పట్టడం ఆపదు. వాడుకోలేని ఆ శక్తి కణాన్నే కాల్చే విషమవుతుంది.

సెలాజినెల్లా లాంటివి తమ నీటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా పోగొట్టుకుని కూడా తేరుకుంటాయి. మూడు పనులు చేస్తాయి.

ఒకటి, పాకం పడతాయి. పల్లీ చెక్కను గుర్తుతెచ్చుకోండి. పాకం గట్టిపడ్డాక అందులోని పల్లీ ఎక్కడిదక్కడే, కదలదు, పక్కదానికి రాసుకోదు. ఎండే కణంలోనూ చక్కెరలు చేరి, నీళ్లు పోయేకొద్దీ గాజులా గట్టిపడతాయి. పొరలూ ప్రొటీన్లూ ఆ గాజులో ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. వీటికి తోడు ఎండే వేళకు పనికొచ్చే ప్రత్యేక ప్రొటీన్లు కొన్ని అడ్డుగా చేరతాయి.

రెండు, ముడుచుకుంటాయి. పిడికిలి బిగించినట్టు రెమ్మలు లోపలికి చుట్టుకుని, పచ్చని వైపును దాచుకుని, గోధుమరంగు వీపును ఎండకు చూపిస్తాయి. ఇది నీడ పట్టుకోవడం.

మూడు, విషాన్ని విరిచే పదార్థాలను ముందే నిల్వ చేసుకుంటాయి.

ఇది మరీ వింతేమీ కాదు. వరి విత్తనాన్ని 13 శాతం తేమకు ఆరబెట్టి గాదెలో పోస్తాం, మళ్లీ తడిస్తే మొలుస్తుంది. దాదాపు అన్ని మొక్కలకూ విత్తనంలో ఉన్న విద్యే ఇది. దీన్ని ఆకుల్లో కూడా నడిపించగలిగినవి మాత్రం తక్కువ. పూలు పూసే లక్షల జాతుల్లో కొన్ని వందలే ఉంటాయి. మన దక్షిణ భారతంలో పాత గోడల మీదా చెట్ల బెరడు మీదా పెరిగే ఓరోపీటియం థోమియం అనే బుల్లి గడ్డి వాటిలో ఒకటి. దాని జన్యుపటం 2015లో ప్రచురించారు. కరువును తట్టుకునే పంటల కోసం ఇలాంటి మొక్కలను వెతుకుతున్నారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జిల్ ఫారంట్ బృందం ఇదే పని మీద ఉంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. పాకం పట్టడానికి సమయం కావాలి. కణంలో కాస్త తడి ఉండగానే ఆ పనులన్నీ పూర్తవ్వాలి. గంటలో ఎండగొడితే మొక్క సర్దుకోలేదు.

## 3. సామాను

- వెడల్పాటి, లోతు లేని పళ్లెం. గాజుదో పింగాణీదో. ఇత్తడి, రాగి వద్దు.
- గుప్పెడు గులకరాళ్లు, ఉడికించి చల్లార్చినవి.
- వాన నీళ్లు లేదా ఆర్‌వో నీళ్లు. కుళాయి నీళ్లే దిక్కైతే బకెట్లో పట్టి ఒక రాత్రి మూత లేకుండా ఉంచండి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, నాలుగు తడవలకే ఆకుల మీద తెల్లటి పొర కడుతుంది.
- పిండి జల్లెడ, పాతదైనా సరే. ఆరబెట్టడానికి ఇంతకన్నా మంచి పరికరం నాకు దొరకలేదు.
- వంటింటి డిజిటల్ తూకం. గ్రాముల్లో చూపిస్తే చాలు.
- కాగితం కవర్లు, పెన్సిల్.
- ఎరుపో పసుపో కుట్టు దారం, చిన్న ముక్క. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

ఎరువు అక్కర్లేదు. మొదటి తడిలో ఎరువు వేయడమంటే బూజుకు భోజనం పెట్టడమే.

## 4. ముందు గోడ నాచుతో చేయి తిప్పుకోండి

డబ్బు పెట్టి కొన్నదాని మీద మొదటి ప్రయోగం చేయకండి. డాబా పిట్టగోడ మీద వానాకాలంలో పచ్చటి వెల్వెట్ గుడ్డలా పరుచుకుని, ఎండాకాలం నల్లగా కరుడుగట్టే నాచు ఉంటుంది కదా, అదీ ఇలా చచ్చి బతికేదే. కాలుజారే జిగురు పాచి కాదు. చిన్న చిన్న మొక్కలు గుంపుగా ఉండేది.

అగ్గిపెట్టంత ముక్కను చాకుతో లేపండి. తెల్ల పళ్లెంలో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు వేసి, సెల్‌ఫోన్ కెమెరాను దగ్గరికి జూమ్ చేసి వీడియో తీయండి. తాళ్లలా మెలితిరిగిన ఆకులు మీ కళ్ల ముందే విప్పుకుంటాయి. నిమిషం, రెండు నిమిషాల్లో నలుపు పచ్చగా మారుతుంది.

ఒక తేడా గమనించండి. నాచు త్వరగా ఎండినా చాలావరకు తట్టుకుంటుంది. అది తడి తగిలాక రిపేరు చేసుకునే రకం. సెలాజినెల్లా అంత గట్టిది కాదు. దానికి ముందుజాగ్రత్త కావాలి.

## 5. తడపడం

1. ఎండు ముద్దను తూచి, బరువూ తేదీ రాసుకోండి. తర్వాత ఇదే మీకు కొలత.
2. దుమ్ము పోయేలా మెల్లగా తట్టండి. రెమ్మలను చేత్తో విప్పొద్దు, పుటుక్కున విరుగుతాయి.
3. పళ్లెంలో గులకరాళ్లు పరిచి, మొదలు కిందికి ఉండేలా ముద్దను కూర్చోబెట్టండి.
4. ముద్ద పైనుంచి నీళ్లు పోయండి. మొదటి నీళ్లు ఎక్కువగా ఆకులూ కాడల మీంచే ఎక్కుతాయి. ఎండిన వేళ్లు వెంటనే పనిలోకి రావు.
5. గది వేడిలో ఉన్న నీళ్లు చాలు. వేడినీళ్లు పోస్తే త్వరగా విచ్చుకుంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. విచ్చుకుంటుంది, నిజమే. వాళ్లకు కావాల్సింది విచ్చుకోవడం, మనకు కావాల్సింది బతకడం.
6. వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. కిటికీకి నాలుగడుగుల లోపల సరిపోతుంది.

మొదటి అరగంటలో పెద్దగా ఏమీ కనబడదు. బయటి రెమ్మల బిగువు మాత్రం సడలుతుంది. రెండు మూడు గంటలకు సగం విప్పుకుంటుంది. ఇప్పుడు ఒక రెమ్మను దగ్గరగా చూడండి. పొలుసుల్లాంటి ఆకులు నాలుగు వరసల్లో, జడ అల్లినట్టు ఉంటాయి. పక్కల రెండు వరసలు పెద్దవి, మధ్యలో రెండు వరసలు చిన్నవి. చివర్లు ఇంకా గోధుమరంగులోనే ఉంటే, మొదలు దగ్గర పచ్చదనం ముందుగా తేలుతుంది. రాత్రి పెడితే తెల్లారేసరికి పూర్తిగా పరుచుకుంటుంది. చలికాలంలో ఇంకాస్త ఆలస్యం.

పొద్దున్నే చేయాల్సిన పని: ఆ నీళ్లు పారబోయండి. టీ డికాషన్ రంగులో ఉంటాయి, కంగారుపడొద్దు. తడి తగిలిన తొలి గంటల్లో కణాల పొరలు ఇంకా సర్దుకోక లోపలి చక్కెరలు, లవణాలు కొంత బయటికి కారతాయి. ఆ నీళ్లను అలాగే ఉంచితే బాక్టీరియాకు పండగ. నా మొదటి ముద్ద పోవడానికి పావు వంతు కారణం ఇదేనని నా అనుమానం. మిగతా ముప్పాతిక వంతు ఏడో మెట్టులో ఉంది.

## 6. విచ్చుకుంది సరే, బతికిందా?

ఇక్కడే అందరూ మోసపోతారు. చచ్చిన సెలాజినెల్లా కూడా విచ్చుకుంటుంది. కాబట్టి కదలికను చూసి నమ్మకండి. రంగు కూడా పూర్తి సాక్ష్యం కాదు. ఈ మొక్క ఎండినప్పుడు పత్రహరితాన్ని చాలావరకు దాచుకుంటుంది కనుక, ఈ మధ్యే చచ్చినదాంట్లోనూ కాస్త పచ్చదనం మిగిలి ఉండొచ్చు.

నమ్మదగింది పెరుగుదల ఒక్కటే. ఆరోగ్యంగా కనిపించే మూడు రెమ్మలు ఎంచుకుని, సరిగ్గా కొనకు అర సెంటీమీటరు కింద దారం వదులుగా కట్టండి. ఫొటో తీసి ఉంచండి. రెండు మూడు తడవల తర్వాత, అంటే అన్నీ కలిపి మూడు వారాల పాటు తడిగా ఉన్నాక, దారానికి పైన లేత చిలకపచ్చ కొన పెరిగిందేమో చూడండి.

- లేత కొన వచ్చింది: బతికుంది.
- మధ్య రెమ్మలు పచ్చగా, బయటి వరస గోధుమగా ఉంది: మామూలే. బయటి వరస ముసలిది, ఎప్పుడో చచ్చి గొడుగులా పనిచేస్తోంది. కత్తిరించకండి.
- నాలుగు రోజులైనా అంతా ఎండుగడ్డి రంగే: పోయింది. అలంకారానికి వాడుకోవచ్చు, దాచుకోవాలంటే ఆరబెట్టండి.
- పచ్చగా విచ్చుకుని వారంలో నల్లబడింది: వచ్చినప్పుడు బతికే ఉండొచ్చు, మన దగ్గర పోయింది.

## 7. తడిలో ఎన్ని రోజులు

నేను పాటించేది: కనీసం ఐదు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది.

కనీసం ఐదు ఎందుకంటే, రిపేరుకు మొక్క తన నిల్వ ఖర్చుపెడుతుంది. ఆ ఖర్చు పూడ్చుకోవాలంటే ఆకులు మళ్లీ వెలుగుతో ఆహారం తయారు చేసుకోవాలి. ఆ పని కుదుటపడేలోపే ఎండగొడితే జమ లేకుండా ఖర్చే మిగులుతుంది. సైన్స్ ఫెయిర్‌లో చూపించడానికి రోజుకోసారి తడిపి ఆరబెట్టే పిల్లలు వారంలో ముద్దను పోగొట్టుకునేది ఇలాగే. అలాంటి అవసరానికి మర్యమ్ పువ్వు వాడండి. అది ఎలాగూ చచ్చిందే, ఎన్నిసార్లైనా విచ్చుకుంటుంది.

పది దాటకపోవడం ఎందుకంటే, ఇది చెరువు మొక్క కాదు. రాతి మీద వాన పడుతుంది, జారిపోతుంది, నాలుగు రోజులు చెమ్మ ఉంటుంది, మళ్లీ ఎండ. నిలవ నీళ్లలో మొదలుకు గాలి ఆడదు.

ఈ రోజుల్లో చేయాల్సినవి:

- నీళ్లు గులకరాళ్ల పై అంచు దాకానే. మొక్క మొదలు తడి రాళ్లను తాకాలి, నీళ్లలో మునగకూడదు.
- రోజూ నీళ్లు మార్చాలి. ఊరెళ్తుంటే తడపనే తడపకండి.
- రోజుకోసారి పైన నీళ్లు చిలకరించాలి. ఏసీ గదిలో రెండుసార్లు.
- వాసన చూడాలి. వానకు తడిసిన అడవి వాసన వస్తే బాగున్నట్టు. మురుగు వాసన మొదలైతే ఎన్నో రోజని చూడకుండా ఆరబెట్టడం మొదలుపెట్టాలి.

## 8. ఆరబెట్టడం

అసలు పని ఇది.

రెండు రకాలుగా చెడుతుంది. మొదటిది తొందర: డాబా మీద ఎండలో, ఫ్యాన్ కింద, ఫ్రిజ్ వెనక. కొన్ని గంటల్లో పెళుసుగా ఎండిపోతుంది, చూడ్డానికి బాగానే చుట్టుకుంటుంది. పాకం పట్టే టైమ్ దొరకలేదన్న సంగతి తర్వాతి తడవలో గాని బయటపడదు. రెండోది సాగదీత: సగం తడిగా, సగం పొడిగా వారాల తరబడి. ఆ స్థితిలో కణాలు శ్వాస తీసుకుంటూ నిల్వ కరిగించుకుంటాయి, తిండి మాత్రం చేసుకోలేవు. పైగా బూజు పడుతుంది. చీవావా ముద్ద మీద జరిగిన ప్రయోగాల్లోనూ మరీ వేగంగా ఎండినవి, మరీ నిదానంగా ఎండినవి రెండూ తక్కువగానే తేరుకున్నాయి.

మనకు కావాల్సింది నాలుగైదు రోజుల ఎండడం.

1. మొదటి రోజు ఉదయం. పళ్లెంలోంచి తీసి తలకిందులుగా పట్టుకుని మెల్లగా విదిలించండి. తూకం వేసి రాసుకోండి.
2. జల్లెడను రెండు గిన్నెల మీద ఎత్తుగా పెట్టి, దానిపై మొక్కను నిటారుగా కూర్చోబెట్టండి. అడుగు నుంచి గాలి ఆడాలి. నేల మీదా పళ్లెంలోనూ పెడితే పైన ఎండుతుంది, మొదలు కుళ్లుతుంది.
3. వెలుతురున్న నీడలో ఉంచండి. ఫ్యాన్ ఆ గదిలో తిరిగితే ఫర్వాలేదు, నేరుగా దాని మీదికి గాలి రాకూడదు.
4. మొదటి ఇరవైనాలుగు గంటలు పలచని నూలు గుడ్డ కప్పండి. మొదటి రోజు నెమ్మదిగా గడిస్తే, తర్వాత కాస్త వేగమైనా మొక్క తట్టుకుంటుంది.
5. రెండో రోజు గుడ్డ తీసేయండి. చివర్లు లోపలికి వంగడం మొదలవుతుంది. చేత్తో సర్దకండి, చుట్టుకునే తీరు దానికి తెలుసు.
6. రోజూ ఒకే వేళకు తూచండి.

ఉదాహరణకు, తడిగా 60 గ్రాములున్న ముద్ద వరసగా రోజూ 44, 30, 20, 15, 15 అని దిగితే బాగా ఎండినట్టు. 60 నుంచి మర్నాటికే 20కి పడితే గాలి ఎక్కువైంది, తర్వాతి సారి గుడ్డ రెండు మడతలు వేయండి. మూడో రోజుకీ 50 దగ్గరే ఉంటే చోటు మార్చండి.

7. రెండు రోజులు వరసగా ఒకటే బరువు చూపించి, రెమ్మ కొన తాకితే గరగరలాడితే పని అయినట్టు. ఐదో మెట్టులో రాసుకున్న మొదటి ఎండు బరువుకు దగ్గరగా రావాలి.

ఊరిని బట్టి మార్పులు ఉంటాయి. మే నెలలో అనంతపురం, నల్గొండ వైపు గాలి నిప్పులా ఉంటుంది. అక్కడ గుడ్డను రెండో రోజు కూడా ఉంచి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో పెట్టండి. కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో సమస్య తిరగబడుతుంది. గాలే తడిగా ఉంటే మొక్క ఏం ఎండుతుంది! అలాంటప్పుడు మూత ఉన్న పెద్ద డబ్బాలో, అడుగున సిలికా జెల్ పొట్లాలు వేసి, పైన జల్లెడ ముక్క మీద మొక్కను ఉంచండి. అంత శ్రమ ఎందుకు అనిపిస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో తడవ పెట్టుకోకుండా సంక్రాంతి దాకా ఆగండి. నేనైతే ఆగుతాను.

టెక్సస్‌లో ఉండే మనవాళ్లకు రెండు ముక్కలు. చలికాలం హీటర్ గాలి మన మే నెల గాలికి తీసిపోదు, గుడ్డ తప్పనిసరి. బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్లినప్పుడు ఈ ముద్దలు నేల మీద దర్జాగా కూర్చుని కనిపిస్తాయి. ఫొటో తీసుకోండి, చేయి పెట్టొద్దు.

## 9. దాచడం

కాగితం కవర్లో పెట్టి, తేదీ, ఎండు బరువు పెన్సిల్‌తో రాసి, బీరువాలోనో అటక మీదో చల్లగా, చీకటిగా ఉన్నచోట ఉంచండి. ప్లాస్టిక్ కవరు వద్దు. వంటింటి అరలో వద్దు, ఆవిరి తగులుతుంది. కలరా ఉండలు వేయకండి.

ఏళ్ల తరబడి బతుకుతుందని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. ఎండు నిద్రలో కూడా నష్టం మెల్లగా పేరుకుంటూనే ఉంటుంది. నేను ఆరు నెలలకు మించి దాచను.

## 10. కుండీలో పెట్టాలంటే

మన సంజీవనికి వేళ్లు కాస్త బాగుంటే ప్రయత్నించవచ్చు. లోతులేని మట్టి మూకుడు, అడుగున చిల్లులు. ఇటుక ముక్కలు, ముతక ఇసుక, ఆకు ఎరువు కొద్దిగా. తోట మట్టి వద్దు, బిగిసిపోతుంది. మొదలు పాతిపెట్టకుండా పైన ఆనించి, నాలుగు రాళ్లతో కదలకుండా ఆపండి. జూన్ వానలు మొదలవగానే పెడితే కొత్త వేళ్లు పట్టే అవకాశం ఎక్కువ. నవంబరు తర్వాత నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి కుండీలోనే ముడుచుకోనివ్వండి. ఎండినట్టు కనిపిస్తోందని జాలిపడి రోజూ చెంబెడు పోసే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, కుండీ మీద “నీళ్లు పోయొద్దు” అని చీటీ అంటించండి. మా ఇంట్లో చీటీ కూడా చాల్లేదు, కుండీనే మేడ మీదికి మార్చాల్సి వచ్చింది.

## 11. తరచూ వచ్చే తంటాలు

తెల్లటి దూదిలా బూజు పట్టింది. పట్టిన రెమ్మలను కత్తెరతో తీసేయండి. ధారగా కడిగి వెంటనే ఎనిమిదో మెట్టుకు వెళ్లండి, అయితే గుడ్డ కప్పొద్దు. మొదలు దాకా పాకితే ఆశ వదులుకోవచ్చు.

సగమే విచ్చుకుంది. పైన నీళ్లు తగల్లేదు. ముద్దను బోర్లించి గంటసేపు నీళ్లలో ముంచి, మళ్లీ రాళ్ల మీద పెట్టండి. ముంచడం గంటకు మించొద్దు.

కొనలు తెల్లబడ్డాయి. తడిగా ఉన్నప్పుడు నేరుగా ఎండ తగిలింది. ముడుచుకున్నప్పుడు ఎండకు తట్టుకునే మొక్కే, విచ్చుకున్నప్పుడు తట్టుకోదు. ఆ కొనలు తిరిగి పచ్చబడవు. నీడకు మార్చండి.

ఆరబెట్టినా ముడుచుకోలేదు, పరుచుకునే ఉండిపోయింది. రెండు కారణాలు. ఇంకా ఎండలేదు, లేదా రెమ్మల కీళ్లు కుళ్లి సత్తువ పోయింది. తూకం చూస్తే ఏదో తేలిపోతుంది.

చిన్న దోమల్లాంటివి ముసురుతున్నాయి. నీళ్లు రోజూ మార్చడం లేదన్నమాట.

తడిపిన నీళ్లు తాగొచ్చా? వద్దు. గోధుమరంగు తేలిన ఆ నీళ్లలో మొక్క వదిలిందీ, ఊరినుంచి వచ్చిన దుమ్మూ, బాక్టీరియా అన్నీ ఉంటాయి. పురిటి నొప్పుల వేళ మర్యమ్ పువ్వు నానిన నీళ్లు తాగించే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది. డాక్టరును అడక్కుండా ఆ పని చేయకండి. పువ్వును పక్కన గిన్నెలో విచ్చుకోనివ్వండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

రెండు ముద్దలున్నాయి, ఒకేసారి తడపాలా? ఒక్కటే తడపండి. రెండోది కాగితం కవర్లోనే ఉండనివ్వండి. మొదటిదాన్ని ఒకసారి తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపి, దారానికి పైన లేత కొన చూశాకే దాని జోలికి వెళ్లండి.